కొట్టానికి తాళం

“ఏరా, ఈ చన్నులు తడిగా ఎందుకున్నాయి?”

ఆవు పక్కన గొంతుక్కూర్చున్న బావ అలా అడిగేసరికి బావమరిది బిత్తరపోయాడు. సాయంత్రం పాలు పిండే వేళ. పొదుగు వాడిపోయి ఉంది. ఎంత పిండినా చెంబు అడుగు దాటలేదు. పొద్దుటి పాలకి ఏ లోటూ లేదు, సాయంత్రం పాలే మధ్యాహ్నం గడిచేసరికి ఎటో మాయమైపోతున్నాయి.

“దూడ తాగిందేమో బావా!”

“దూడ పక్క గదిలో ఉంది. దానికి గొళ్లెం తియ్యడం రాదు. మధ్యాహ్నం ఇక్కడుండేది ఎవరు?”

“నేనే. భోంచేసి వచ్చి ఇక్కడే ఓ కునుకు తీస్తాను.”

“నీ పక్కనే ఎవడో ఆవుని పిండుకుపోతాడు, నీకు మెలకువ రాదు! నా చెవిలో పువ్వులు పెడుతున్నావా?”

బావమరిదికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఆవుని దూడగా ఉన్నప్పటి నుంచి సాకింది అతనే. చొక్కా తగిలించుకుని తన ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రమూ అదే వరస.

“ఏమండీ, ఇవాళ మా తమ్ముడు లేడుగా. మరి పాలేమయ్యాయి?” అని నిలదీసింది భార్య.

సిగ్గుపడాల్సిన పెద్దమనిషి ఇంకో మెట్టు పైకెక్కాడు.

“అదే నేనూ అడుగుతున్నాను. మధ్యాహ్నం కుడితి పెట్టడానికి వచ్చింది నువ్వేగా? చాటుగా తమ్ముడింటికి చేరవేస్తున్నావేమో!”

ఆమె చేతిలోని బకెట్ నేలకేసి కొట్టింది.

“ఇన్నేళ్లు కాపురం చేస్తే నా మీద మీకున్న నమ్మకం ఇదా? వాడు దొంగైతే నేనూ దొంగనే. ఇక మీ ఆవుతోనే కాపురం చేసుకోండి.”

సంచీ సర్దుకుని బయల్దేరింది. ఆగమంటాడేమోనని గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది కూడా. అతను లోపల తాళంకప్ప వెతుక్కుంటున్నాడు.

మరుసటి మధ్యాహ్నం కొట్టం తలుపు లోపలి నుంచే మూసి, తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు. పొద్దుటి నుంచి కడుపులో ఏమీ పడలేదు. ఇల్లు బిక్కుబిక్కుమంటోంది. భార్య గుర్తొచ్చి గుండె కలుక్కుమంది గానీ, పంతం దాన్ని మింగేసింది. రాత్రంతా కురచగా కట్టి ఉంచిన ఆవు కదా అని, రోజూలాగే పలుపు కాస్త వదులు చేశాడు. ఓ గంప దాణా ఎక్కువే పోసి గంగడోలు నిమిరాడు.

“అందరూ నన్ను మోసం చేశారే తల్లీ! ఈ ఇంట్లో నమ్మదగ్గదానివి నువ్వొక్కదానివే,” అన్నాడు.

తర్వాత దాణా బస్తాల వెనక నక్కి, తలుపు కేసి చూపు నిలిపాడు. ఎవరూ రాలేదు. దాణా నమిలిన చప్పుడు ఆగింది. ఇంకేదో చప్పరిస్తున్న శబ్దం వినిపిస్తే వెనక్కి తిరిగాడు.

ఆవు మెడ తిప్పుకుని, తన పాలు తానే కుడుస్తోంది.