శుక్రవారం కేకు

శుక్రవారం పొద్దు వాలుతోంది. కేకు రాలేదు.

సోంబరు గుమ్మంలో కూర్చుని రోడ్డు కేసే చూస్తున్నాడు. డుంబ్రిగుడ సంతకి నాలుగు బేరాలు దొరికే రోజు. అయినా బండి తియ్యలేదు. ఇంటి ముందున్న జీపు మీదకి కోళ్లెక్కి తీరిగ్గా కూర్చున్నాయి.

ఆ చిన్న ఊళ్లో జీపున్న ఇల్లు అదొక్కటే. సోమవారం పుట్టాడని కొడుక్కి సోంబరు అని పెట్టుకున్నాడు మంగ్లు. మంగ్లు ఏ వారం పుట్టాడో వేరే చెప్పక్కర్లేదు. పేర్ల కోసం బుర్ర బద్దలుకొట్టుకునే ఇల్లు కాదది.

ఇప్పుడు సోంబరు బుర్ర బద్దలవుతున్నది నీలవేణి వల్ల. విశాఖలో నర్సు ట్రైనింగులో ఉంది. సెలవులకి వచ్చినప్పుడల్లా జీపులో ముందు సీటు ఆమెదే. పోయిన ఆదివారం అరకు స్టేషన్లో రైలెక్కబోతూ తేల్చి చెప్పింది.

"మాయమ్మ నిన్ను వద్దంతంది. నాను ఒప్పిస్తాను. ఒప్పుకుంటే శుక్రవారంలోగా మీ ఇంటికి కేకు వస్తాది. రాలేదనుకో, నా మీద ఆశ వదిలేసీ."

"కేకేటి? మాట సెప్పలేవా?"

"నీకు ఫోను లేదు. మీ ఊరికి టవరు లేదు. ఎలాగ సెప్పమంటావు?"

కేకు వెనక ఒక సంగతుంది. అరకు బేకరీలో ఇద్దరూ మొదటిసారి కేకు తిన్న రోజున "ఇడ్లీకి సున్నం రాసీసినారేటి?" అన్నాడు సోంబరు. ఆమెకి నవ్వు ఆగక పొలమారింది. అప్పట్నించీ కేకంటే ఇద్దరిదీ.

ఆ బేకరీ లాజరస్‌ది. కిందటేడే భీమిలి నుంచి వచ్చి పెట్టాడు. కొట్టుదాకా వచ్చి బ్రెడ్డు కొనేవాళ్లు ఈ కొండల్లో తక్కువని, బ్రెడ్డునే ఇళ్లకు చేర్చే ఉపాయం పట్టాడు. విశాఖలో కుర్రాళ్లెవరో చిన్న బేకరీల కోసం చేసిన సాఫ్ట్‌వేరట. సెల్లులో మెసేజి కొడితే బేకరీ కంప్యూటర్లో పడుతుంది. ఏం కావాలో, ఏ ఇంటికో, ఏ రోజుకో అదే ఏరుకుంటుంది.

"ఇంగ్లీషు రానక్కర్లేదు. మన యాసలో కొట్టినా దానికి తెలిసిపోతాది," అని సంతల్లో చెప్పుకు తిరిగేవాడు లాజరస్. కంప్యూటరు పొద్దున్నే ఏ ఇళ్లు చెబితే ఆ ఇళ్లకు మోపెడ్ మీద బయల్దేరేవాడు.

ఆ మోపెడ్ చప్పుడు వినిపించగానే సోంబరు లేచి నిలబడ్డాడు. బండి అతని గుమ్మం దాటిపోయి, స్కూలు మాస్టారింటి ముందు ఆగింది. పరుగున వెళ్లాడు.

"అన్నా, మా ఇంటికేటీ లేదా?"

"ఈ ఊరికి ఈయేల మాస్టారి బ్రెడ్డొకటే తమ్ముడూ. కంప్యూటరు సెప్పకపోతే నానేటి తేగలను?"

శనివారం అరకు వెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి నీలవేణికి ఫోన్ చేశాడు. చాలాసేపు మోగింది. ఎత్తలేదు. వార్డులో సెల్లు ముట్టుకోనివ్వరని ఆమే ఒకసారి చెప్పింది గానీ, ఆ కోపంలో అది గుర్తుకు రాలేదు. ఒళ్లు మండిపోయింది. కాదనుకుంటే కాదని చెప్పొచ్చు కదా. ఎదురుచూడమని చెప్పి మరీ మోసం చేస్తారా ఎవరైనా? తెల్ల బట్టలు తొడగ్గానే జీపు తోలేవాడు కంటికి ఆనలేదన్నమాట. ఇన్నాళ్లూ ముందు సీటు తుడిచి తుడిచి ఉంచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి తండ్రితో ఒకటే మాట అన్నాడు. "రేపే పద అయ్యా, కించుమండకి."

కించుమండలో చిట్టి అనే పిల్లని కొడుక్కి చూసిపెట్టుకుని, మంగ్లు ఏడాదిగా ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. కొడుకు మనసు మారేలోపే కించుమండకి కబురు పంపేశాడు.

ఆదివారం చిట్టి వాళ్ల వాకిట్లో రెండు వైపుల పెద్దలూ కూర్చున్నారు. జీలుగు కల్లు కుండ మధ్యలోకి వచ్చింది. ఒకే కుండలోది అందరూ తాగితే మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత కాదంటే తండ్రి ఇక ఆ చుట్టుపక్కల తలెత్తుకోలేడు. సోంబరు డొప్ప అందుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

చిట్టి మంచి పిల్ల. వాళ్లు బయల్దేరుతుంటే జీపు దగ్గరకొచ్చి, ముందు సీటు మీద చెయ్యి వేసి మెల్లగా అడిగింది.

"ఇక్కడ నాను కూకోవచ్చా?"

"ఇంక నీదే," అన్నాడు సోంబరు. నీలవేణికి తగలాలని అన్నాడు ఆ మాట. చిట్టి మాత్రం తనకే అనుకుని సిగ్గుపడింది.

మర్నాడు పొద్దున్న జీపు కడుగుతుంటే మోపెడ్ వచ్చి సరిగ్గా గుమ్మం ముందే ఆగింది.

"జీపున్న ఇల్లంటే ఇదే కదా తమ్ముడూ," అంటూ లాజరస్ అట్టపెట్టె చేతికిచ్చాడు.

సోంబరు మూత తీశాడు. తెల్లటి క్రీము మీద ఎర్రటి అక్షరాలు: 'అమ్మ ఒప్పుకుంది'.

"ఇది... ఎప్పుడు పంపమంది?"

లాజరస్ మొహం వెలిగిపోయింది.

"మెసేజి బుధవారమే వచ్చీసింది గానీ తమ్ముడూ, 'సోంబరుకి కేకు పంపండి' అనుంటే, సోంబారానికని మన కంప్యూటరు ఎంత సక్కగా అట్టిపెట్టిందో సూడు."