పిచ్చుక ఎత్తు

“నీళ్ళు సరిగ్గా తాగించారా దీనికి?” అంది అమ్మ, కుర్చీలో సర్దుకుంటూ.

“నా దగ్గరుంటే గటగటా తాగేస్తుంది. బతిమాలుకోవాల్సింది నువ్వే,” అన్నాడు నాన్న.

“ఆహా, పెద్ద చెప్పొచ్చారు!”

ఇద్దరి మధ్యా కూర్చున్న పదకొండేళ్ళ పిచ్చుక కాళ్ళూపుతూ కిసుక్కున నవ్వింది. ఆ ముద్దుపేరు నాన్న పెట్టిందే. పుట్టుకతోనే పిల్లకు ఒక కిడ్నీ లేదు. ఉన్న ఒక్కటీ ఎంత బాగా పనిచేస్తోందో మూడు నెలలకోసారి ఈ పిల్లల ఆసుపత్రిలో లెక్క కడతారు.

నాన్న బిస్కెట్ ప్యాకెట్ చించి మొదటిది అమ్మకిచ్చాడు.

“మీకు తలనొప్పి తగ్గిందా?” అంది అమ్మ.

“నీకెవరు చెప్పారు?”

“ఇంకెవరు, మీ గూఢచారి!”

పిచ్చుక ఏమీ ఎరగనట్టు పైకప్పు చూసింది. ఆ ముగ్గురినీ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

ఇంతలో కొత్త నర్సు పిలిచింది. నేల ఊడ్చే పొడుగు గౌనులో పిచ్చుక గోడకు ఆనుకుని బుద్ధిగా నిలబడింది. నర్సు హడావిడిగా ఎత్తు కొలిచి, ముగ్గురినీ డాక్టరమ్మ గదిలోకి పంపింది. నిన్న ఇచ్చిన రక్తం ఫలితం అప్పటికే అక్కడ ఉంది.

“పోయినసారి అంకె తొంభై దాటింది. ఈసారీ దాటితే ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నాను కదా,” అంటూ లెక్క కట్టిన డాక్టరమ్మ ముఖం చిట్లించింది. “అరే, తగ్గిందే!”

అమ్మ చటుక్కున పక్కనున్న నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“రక్తంలో ఏమైనా తేడా వచ్చిందా డాక్టర్?” అన్నాడు నాన్న.

“రక్తం నిక్షేపంలా ఉంది. పిల్లల లెక్కలో ఎత్తు కూడా కలుస్తుంది. ఎత్తును ఒక అంకెతో హెచ్చించి, రక్తంలోని క్రియాటినిన్ అనే మలినం మోతాదుతో భాగిస్తాం. ఎత్తు తగ్గితే ఫలితమూ తగ్గుతుంది. పోయినసారి ఇదంతా పిచ్చుకకే బొమ్మ గీసి చూపించాను.” డాక్టరమ్మ ఎత్తు దగ్గర ఆగింది. పాత అంకెతో పోల్చి చూసింది. “మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి. కంగారేం లేదు.”

వాళ్ళు వెళ్ళాక తలుపు మూసి, పిచ్చుకను మళ్ళీ గోడ దగ్గర నిలబెట్టింది.

“పిల్లలు పొడుగవుతారు గానీ, ఎక్కడైనా పొట్టిగా అవుతారా? ఏదీ, గౌను కాస్త పైకెత్తు.”

పిచ్చుక మెల్లగా ఎత్తింది. గౌను కింద మోకాళ్ళు రెండూ వంగి ఉన్నాయి.

“ఓసి దొంగా!” డాక్టరమ్మకు నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి. “నీ కిడ్నీ గుండ్రాయిలా ఉంటే, లేని జబ్బు తెచ్చిపెట్టుకుంటావా? అటు చూడు, పాపం!”

తలుపు అద్దంలోంచి బయటి బల్ల కనిపిస్తోంది. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నాన్న నీళ్ళ సీసా మూత తీసి ఆమె చేతికిచ్చి, భుజం మీద చెయ్యి వేశాడు. పిచ్చుక వాళ్ళను చూస్తూనే ఉంది. కళ్ళు నిండాయి.

“ఏడాదికోసారి అంటే చాలా ఆలస్యం కదా డాక్టరాంటీ,” అంది.

“దేనికే తల్లీ?”

“వాళ్ళిద్దరూ కలిసేది ఇక్కడే.”