మూడో వరుస చివరి కుర్చీ

"ఆ ముసలావిణ్ణి లోపలికి రానిచ్చావంటే నేను స్టేజీ ఎక్కను" అన్నాడు తుపాకి.

తుపాకి అతని అసలు పేరు కాదు. స్టాండప్ కమెడియన్. ఒక్కో జోకూ గుండులా పేలుతుందని జనం పెట్టిన పేరు అది.

గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన బిక్కమొహం వేశాడు.

"ఆవిడేం చేసింది బాబూ?"

"ఇంకేం చెయ్యాలి! చివరి మాట నా నోట్లో ఉండగానే పకపకా నవ్వేస్తుంది. జోకు కాస్తా నీరుగారిపోతుంది. ఇవాళ లెక్క తీసే రోజు, తెలుసా నీకు?"

తెలియకేం? హాలు పెట్టి యాభై ఏళ్ళయింది. ఇక్కడ నవ్వించినవాళ్ళలో ఎవరు గొప్పో వరసగా రాసి గుమ్మం పైన బోర్డు కట్టబోతున్నారు. ఆ వరస దగ్గరే వచ్చింది తంటా. తాతలు ఒకరి పేరు చెబితే మనవలు మూతి విరుస్తున్నారు. చివరికి సెక్రటరీ ఒక ఉపాయం కనిపెట్టాడు. అరగంట ఆటలో జనం ఎన్ని సెకన్లు నవ్వారో టేపు వేసి కొలవడం.

గొడుగు మాస్టారికి పాత టేపులో ఆరువందల పది వచ్చాయి. మీసాలాయనకి ఐదువందల తొంభై. నత్తి మావయ్యకి ఐదువందల డెబ్బై ఐదు. ముగ్గురూ పోయారు. పోయినవాళ్ళతో పోటీ అంటే మాటలా? వాళ్ళు కొత్తగా తడబడరు కదా!

ఇక కొలవాల్సింది తుపాకినే. పొద్దుటి నుంచీ అతని అరచేతులకి చెమట ఆగడం లేదు.

"ఆవిణ్ణి టికెట్ అడగం బాబూ" అన్నాడు పెద్దాయన. "గేటు మా నాన్న చూసినప్పుడూ అడగలేదు, నేనూ అడగలేదు. మూడో వరుస చివరి కుర్చీ ఆవిడదే. అసలు ఆవిడ సంగతేంటంటే..."

"సంగతులు తర్వాత."

"ఒకే ఒక్కసారి జ్వరమొచ్చి రాలేదు. ఆ రోజు నత్తి మావయ్య మధ్యలో నీళ్ళు తాగొస్తానని లోపలికెళ్ళాడు. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఆ రోజే కాదు, బతికినన్నాళ్ళూ ఎక్కలేదు."

తుపాకి గుండె ఝల్లుమంది. పైకి మాత్రం కసిరాడు.

అంతలో ఆవిడే వచ్చింది. తెల్ల జుట్టు, చేతిలో గుడ్డ సంచి.

"మామ్మా, ఇవాళ లోపలికి వెళ్ళడానికి లేదు. ఇంటికెళ్ళు" అన్నాడు తుపాకి.

ఆవిడ కదల్లేదు. రెప్ప వెయ్యకుండా అతని మొహంలోకే చూసింది. అబ్బ, ఏం చూపది!

"ఇవాళ నేను లోపల ఉంటేనే నీకు మంచిది నాయనా" అంది, అక్కర్లేనంత గట్టిగా.

"లేకపోతే ఏమవుతుందట?" అన్నాడు తుపాకి, పెద్దాయన వైపు తిరిగి.

ఆవిడ బదులు చెప్పలేదు. మెల్లగా వెళ్ళి ఎండలో మెట్ల మీద కూర్చుంది. తలుపులు మూశారు.

పదకొండింటికి ఆట మొదలైంది. హాలు కిక్కిరిసి ఉంది.

మొదటి జోకు వేశాడు. చివరి మాట ముందు ఎప్పటిలాగే అతని గొంతు తడారింది. చెప్పేశాడు.

ఎవరూ నవ్వలేదు.

జనానికి నవ్వు రాక కాదు. పెదాల దాకా వచ్చింది. పక్కవాళ్ళు మొదలుపెడతారేమోనని అందరూ పక్కకి చూశారు. పక్కవాళ్ళు వాళ్ళ పక్కకి చూశారు.

రెండో జోకుకీ అంతే. మూడోదానికి ఎవరో దగ్గారు. తుపాకి కళ్ళు వద్దన్నా మూడో వరుస చివరికే పోతున్నాయి. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. అరగంటా అతను ఆ కుర్చీకే చెప్పుకున్నట్టయింది.

"నలభై రెండు సెకన్లు. అందులో ఆరు దగ్గు" అన్నాడు సెక్రటరీ, అతని మొహం చూడకుండా.

తుపాకి మండిపడ్డాడు. "టేపుల్లో ఏదో మోసం ఉంది! ఆ పాతవాళ్ళవి నాకు వినిపించండి."

"టేపు అబద్ధం చెప్పదు తమ్ముడూ" అంటూ రికార్డింగు చూసే అక్క గొడుగు మాస్టారి టేపు పెట్టింది.

జోకు మంచిదే. చివరి మాట ముందు మాస్టారి గొంతు సన్నగా వణికింది. అక్కడ ఒక ఆడమనిషి పకపకా నవ్వింది. ఆ వెనకే హాలంతా గొల్లుమంది.

"ఇంకోటి పెట్టక్కా."

మీసాలాయన టేపు. ముందు ఆ నవ్వే. తర్వాతే జనం.

నత్తి మావయ్య టేపులోనూ అదే నవ్వు. కాస్త ముదిరింది, అంతే.

"నా పాత ఆట ఏదైనా ఉందా?" అని అడిగాడు. అడిగాడే గానీ, అక్క టేపు వెతుకుతుండగానే బయటికి పరిగెత్తాడు.

మెట్ల మీద ఎవరూ లేరు.

"పెద్దాయనా, మామ్మగారేరి?"

"వెళ్ళిపోయింది బాబూ. ఇక రానంది."

"ఇల్లెక్కడ? పేరేంటి?"

"టికెట్టే అడగనివాళ్ళం, పేరేం అడుగుతాం?"

తుపాకి మెట్ల మీద కూలబడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

"ప్రతి జోకూ ఆవిడకి అందరికంటే ముందు ఎలా అర్థమయ్యేది పెద్దాయనా?"

పెద్దాయన పక్కన కూర్చున్నాడు.

"పొద్దున అదే చెప్పబోయాను బాబూ. చిన్నప్పుడే జబ్బు చేసి ఆవిడకి రెండు చెవులూ పోయాయట. ఇక్కడ ఒక్క జోకూ వినలేదు. స్టేజీ మీద మనిషి మొహంలో భయం కనబడగానే, పాపం అనిపించి నవ్వేది."