మళ్ళీ నార్మలే

“మళ్ళీ నార్మలేనా!” అంటూ బాలమణి కుర్చీలో కూలబడింది.

“అవునమ్మా. థైరాయిడ్ నార్మల్, షుగర్ నార్మల్, విటమిన్లు నార్మల్,” అంటూ నమ్రత ఫోన్‌లో రిపోర్టు చూపించింది. స్వెటర్ మీద శాలువా, శాలువా మీద దుప్పటి కప్పుకుని సోఫాలో ముడుచుకుని ఉంది. బయట టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో జూలై ఎండ నిప్పులు చెరుగుతోంది.

“అన్నీ నార్మలైతే ఈ వణుకేంటే? రక్తంలో కూడా దొరకలేదంటే ఎంత లోపలికి పోయి దాక్కుందో!”

“అదేమన్నా దొంగా అమ్మా, దాక్కోడానికి?”

“నవ్వు, నవ్వు. మా శకుంతలక్క కూడా ఇలాగే నవ్వింది. చివరికి మెడ కోశారు.”

“థైరాయిడ్ ఆపరేషన్ చేశారమ్మా. పెద్దమ్మ ఇందాకే కదా నీతో గంటసేపు ఫోన్‌లో మాట్లాడింది!”

“మాట్లాడితే మాత్రం? కోశారా లేదా?”

నమ్రత ఆవలించింది. బాలమణి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. చలి, నీరసం, చర్మం పగుళ్ళు, బిగుతైపోయిన ప్యాంట్లు. శకుంతలక్క చెప్పిన లక్షణాలన్నీ కూతురిలో కళ్ళెదుట కనిపిస్తున్నాయి. ఇండియాకి తిరుగు ప్రయాణానికి రెండు వారాలే ఉంది. ఆలోగా కూతురి చేత థైరాయిడ్ మాత్ర మింగించకపోతే విమానం ఎక్కేది లేదని ఆమె నిశ్చయించుకుంది. ఇద్దరు డాక్టర్లు ఏ జబ్బూ లేదన్నారు. అంటే ఇద్దరికీ వైద్యం రాదు.

అప్పుడే అల్లుడు ఫణికుమార్ మెట్లు దిగి వచ్చాడు. గోడకున్న ఏసీ మీట రెండుసార్లు నొక్కి ఇంకా చల్లగా పెట్టి, “ఆకలేస్తోంది అత్తయ్యా,” అన్నాడు.

బాలమణి చటుక్కున లేచింది. అల్లుడికి వండిపెట్టడంలో ఉన్న సంతోషం ఆమెకు ఇంకెందులోనూ లేదు. గోంగూర పప్పు, వంకాయ కూర, చారు. అతను మూడోసారి అన్నం పెట్టించుకుంటున్నప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. తినేవాళ్ళ కంచంలోకి చూస్తే దిష్టి. అందులోనూ అత్తగారి కన్ను! వచ్చి ఐదు నెలలైనా ఆమె అల్లుణ్ణి నిండుగా చూసింది లేదు. మాట్లాడినా గోడతోనో ఫ్రిజ్‌తోనో మాట్లాడినట్టే ఉంటుంది.

“నువ్వూ ఇంకొంచెం పెట్టుకోవే. ఆయన తింటున్నారుగా,” అని కూతురి కంచంలో వేసింది.

వెనక మజ్జిగ గ్లాసు ఒలికిన చప్పుడైంది.

“సారీ అత్తయ్యా. ఆఫీసులో లేఆఫ్‌ల టెన్షన్,” అన్నాడు ఫణి.

“పర్లేదు బాబూ. నేను తుడుస్తాగా,” అంది బాలమణి ఫ్రిజ్‌తో.

గుడిలో పరిచయమైన ఒకావిడ దగ్గర్లోని కాపెల్ ఊళ్ళో తెలుగు డాక్టరు ఉన్నాడని చెప్పింది. పేరు రాధాకృష్ణ. మర్నాడే ముగ్గురూ బయల్దేరారు. ఫణి కారులో ఏసీ ఎంత చల్లగా పెట్టాడంటే వెనక సీట్లో తల్లీకూతుళ్ళు ఒకే శాలువాలోకి దూరారు.

డాక్టరు రిపోర్టులన్నీ ఓపికగా చూశాడు.

“అంతా బాగుందమ్మా. మందు అక్కర్లేదు.”

“అలా అనకండి డాక్టరుగారూ. ఒక మాత్ర రాయండి. పోనీ సగం మాత్ర.”

“లేని జబ్బుకి సగం మాత్ర కూడా ఎక్కువే.”

“మరి చలి?”

“ఇంట్లో ఏసీ ఎంతలో పెడతారు?”

“అరవై ఐదు. అంతకంటే పెంచితే ఫణికి ఉక్కపోస్తుంది,” అంది నమ్రత.

“అంటే ఇండియా లెక్కలో పద్దెనిమిది! ఆ అంకె కొంచెం పెంచమని అడగలేకపోయారా అమ్మా?”

బాలమణి బిత్తరపోయింది. “అల్లుడుగారినా! చలేస్తోందని అత్తగారు అడిగితే ఏం బావుంటుందండీ? మాత్రైతే మర్యాదగా ఉంటుంది.”

డాక్టరు నవ్వు ఆపుకుని నమ్రత వైపు తిరిగాడు. “నిద్ర పడుతోందా?”

“పక్కన మనిషి రాత్రంతా లేచి తిరుగుతుంటే ఏం పడుతుంది డాక్టర్?”

“బరువెందుకు పెరిగారు?”

“ఫణికి వడ్డించిన ప్రతిసారీ అమ్మ నాకూ వడ్డిస్తుంది. తనేమో రోజుకి నాలుగుసార్లు తింటాడు.”

“తిననీవే, కష్టపడే మనిషి!” బాలమణి గబగబా అడ్డుపడింది. “నోటితో అనకూడదు. దిష్టి తగులుతుంది.”

డాక్టరు ముఖంలో నవ్వు పోయింది. కుర్చీలోంచి లేచాడు. నమ్రతను దాటి, మూలనున్న కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఫణి మోకాలు ఊపుతూ, ఫైలుతో విసురుకుంటూ కూర్చున్నాడు. వదులైపోయిన బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లు ఉంది.

“రెండు చేతులూ ముందుకి చాపండి.”

“డాక్టరుగారూ, పేషెంటు ఇటుంది!” అంది బాలమణి.

డాక్టరు వినిపించుకోలేదు. ఫణి చాపిన వేళ్ళ మీద నమ్రత నార్మల్ రిపోర్టు పరిచాడు. గదిలో గాలి లేకపోయినా కాగితం టపటపా కొట్టుకుంది. ఐదు నెలల్లో మొదటిసారి బాలమణి తలెత్తి అల్లుడి మెడ వైపు చూసింది. ముందు భాగం ఉబ్బి ఉంది. శకుంతలక్క మెడ గుర్తొచ్చింది.

“థైరాయిడ్ పరీక్షకి రక్తం తీయాల్సింది వీరికమ్మా.”