సరిహద్దులో దోసెలు

విజయనగరంలోని తన వంటింట్లోంచే పైడమ్మ మంచుకొండల సరిహద్దుకు కాపలా కాస్తుంది. చేతులకు తొడుగులు వేసుకుని ఆమె ఏం చేస్తే, అక్కడి ఇనప జవాను అదే చేస్తాడు. అవతలి దేశానిదీ అదే పద్ధతి.

ఆ ఉదయం ఆమె చెవిలోని ఇయర్‌ఫోనులో మేజరు అరిచాడు. "పైడమ్మగారూ, మనవాడు గాల్లో సున్నాలు చుడుతున్నాడేమిటి? అవతలివాడు తుపాకీ ఎత్తాడు!"

పైడమ్మ గరిటె ఆపేసింది. "అయ్యబాబోయ్! తొడుగులు తియ్యడం మర్చిపోయి దోసెలేసెస్తన్నాను బాబూ!"

ఇద్దరూ ఎవరి తెర మీద వాళ్లు సరిహద్దుకేసి చూశారు. అవతలి జవాను కాసేపు అలాగే చూశాడు. తర్వాత తుపాకీ పక్కన పెట్టి, రెండు చేతులతో గాల్లో పిండి పిసకసాగాడు.

"ఇదేం ఎత్తుగడ?" అడిగాడు మేజరు.

పైడమ్మ పకపకా నవ్వింది. "ఎత్తుగడ కాదు బాబూ, రొట్టెలు! ఆళ్లింట్లోనూ టిఫిను టైమే."