చేతి మీద మూడు గడ్డలు

"చొక్కా చెయ్యి ఇప్పుడే పైకి మడిచి పెట్టుకోండి. లోపలికెళ్ళాక గంట పట్టిస్తారు."

"ముందు పిలవనీ," అన్నాడు బస్సు డ్రైవరు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

భార్యకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ముంజేతి మీద మూడు గడ్డలు. చూపించుకోమని ఏడాదిగా మొత్తుకుంటోంది. ఒకసారి డ్యూటీ మారిందన్నాడు. ఇంకోసారి దారిలో బస్సు ఆగిపోయిందన్నాడు. కిందటి వారమైతే ఆస్పత్రి గేటు దాకా వచ్చి, టీ తాగొస్తానని డిపోకు చెక్కేశాడు. ఇవాళ ఆమె తన కుట్టుపని దుకాణం మూసేసి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"నొప్పా పాడా? ఎందుకే ఇంత కంగారు?"

"నొప్పి లేదనే నా భయం. నాకూ మొదట్లో లేదు."

ఆరేళ్ళ క్రితం ఆమెకు క్యాన్సరని ఒక రొమ్ము తీసేశారు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరికి ఏ కాయ కనిపించినా ఆమెకు నిద్ర పట్టదు.

డాక్టరు గదిలో ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ గాలి లేదు. ఆమె శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది. మెడ కింద, ఉక్కకు చెమటకాయలు పేలాయనుకున్న చోట గోకుతూనే ఆయన గడ్డల సంగతి, తన పాత క్యాన్సరు సంగతి అంతా తనే ఏకరువు పెట్టింది.

డాక్టరు డ్రైవరు చేతిని నొక్కి చూశాడు. "మెత్తగా ఉన్నాయి, వేలి కింద జారుతున్నాయి. కొవ్వు గడ్డలు. భయం లేదు."

"నే చెప్పలా!" అన్నాడు డ్రైవరు.

"మీరూరుకోండి! డాక్టరుగారూ, క్యాన్సరు చర్మంలోకి పాకినా ఇలాగే పైకి తేలుతుందటగా? ముక్క తీసి పరీక్షకు పంపరా?"

డాక్టరు ఆమె వైపు చూశాడు. గోకుతున్న వేళ్ళ దగ్గర చూపు ఆగిపోయింది.

"పంపాలి," అన్నాడు నెమ్మదిగా. "ఇవాళే."

డ్రైవరు మొహం పాలిపోయింది.

"చూశారా?" ఆమె మొగుడి మీద విరుచుకుపడింది. "ఏడాదండీ! గోడకు చెప్పినా వినేది. ఈ మనిషితో వేగలేక చస్తున్నా!"

డాక్టరు నర్సును పిలిచి తెర వేయమన్నాడు. డ్రైవరు చొక్కా గుండీలు విప్పుకుంటూ మంచం వైపు నడిచాడు.

డాక్టరు ఆయన భుజం పట్టుకుని ఆపాడు.

"మీరు కాదండీ, ఆవిడ."