వరండా చివర

టూరు బస్సు ఏ ఊళ్లో ఆగినా మా స్నేహితులది ఒకటే పద్ధతి. డిక్కీ నుంచి లాడ్జి వరండా దాకా వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ బ్యాగులు చేరవేస్తాం. ఆ ఏర్పాటు నాది. ఇన్ని ఊళ్లు తిరిగినా ఒక్క బ్యాగూ పోలేదు కాబట్టి నా మాటకు ఎదురులేదు.

ఆ రాత్రి సరస్సు ఒడ్డున దిగేసరికి కరెంటు లేదు. వరండా చివర, నీళ్లకు వీపు పెట్టి నేను నిలబడ్డాను.

"కబుర్లాపి చేతులాడించండి!" అని కేకేశాను.

మొదటి బ్యాగు కింద పెట్టబోతుంటే వెనక నుంచి ఎవరో మెల్లగా అందుకున్నారు. మేమంతా బావ అని పిలిచే ఆ సోమరిపోతే అయి ఉంటాడు. వీడికీ బుద్ధొచ్చిందే అనుకున్నాను. ఇక నేను వంగనే లేదు. బ్యాగు వెనక్కి అందించడమే ఆలస్యం, ఆ చెయ్యి తీసేసుకుంటోంది. పని చకచకా సాగింది.

"ఒరేయ్, ఇదే ఆఖరిది!" బస్సు దగ్గర నుంచి బావ గొంతు వినిపించింది.

ఆ ఆఖరి బ్యాగును గుండెలకు హత్తుకుని, కాలితో చుట్టూ తడిమాను. నేలంతా ఖాళీ.

"అన్నీ ఉన్నాయా?" అని అడిగాడు బావ.

"నేనుండగా ఎక్కడికి పోతాయిరా?" అన్నాను.

వెనక నుంచి తడిచెయ్యి ఒకటి బ్యాగు కోసం కాసేపు వెతికి, దొరక్క, నా మణికట్టు పట్టుకుంది.